కౌంటర్ స్ట్రైక్ 1.6: కొత్త కంప్యూటర్ మీద పాత మాడ్

మాడ్ అంటే ఒకరు తయారుచేసిన ఆట ఇంజన్ మీద మరొకరు అల్లిన వేరే ఆట. తెర మీద బొమ్మ గీయడం, గోడకు తగిలిన మనిషిని ఆపడం, తుపాకీ చప్పుడు ఎటు నుంచి వచ్చిందో వినిపించడం, పది కంప్యూటర్ల మధ్య సమాచారం అటూ ఇటూ చేరవేయడం ఇంజన్ పనులు. ఎవరు ఏ జట్టు, ఏ తుపాకీ ధర ఎంత, బాంబు ఎంతసేపటికి పేలుతుంది, రౌండు ఎప్పుడు ముగుస్తుంది అన్నవి మాడ్ నిర్ణయిస్తుంది. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు గోడలకు రంగు మార్చుకోవచ్చు, సామాను ఇష్టమొచ్చినట్టు సర్దుకోవచ్చు, పునాది జోలికి మాత్రం పోలేరు. మాడ్ పరిస్థితి అంతే. పాతికేళ్ల నాటి మాడ్ ఈనాటి కంప్యూటర్ మీద ఆడుతుందా లేదా అన్న ప్రశ్నకు ఆ కంప్యూటర్ శక్తితో పెద్దగా సంబంధం లేదు. అప్పటి యంత్రాలకు ఎన్నో రెట్ల శక్తి ఇప్పటి చౌక ల్యాప్‌టాప్‌లోనూ ఉంది. అసలు తేల్చేవి రెండే: మాడ్‌ను ఏ రూపంలో రాశారు, ఇంజన్ సోర్స్ కోడ్ ఎవరి చేతిలో ఉంది.

ఈ రెంటినీ చూడడానికి కౌంటర్ స్ట్రైక్ మంచి ఉదాహరణ. అమెరికాకు చెందిన వాల్వ్ సంస్థ 1998 నవంబరులో హాఫ్ లైఫ్ ఆటను విడుదల చేసింది. దాని ఇంజన్ సొంతంగా మొదటి నుంచి రాసింది కాదు. ఐడీ సాఫ్ట్‌వేర్ వారి క్వేక్ ఇంజన్‌ను లైసెన్సు మీద తీసుకుని, చాలా భాగం తిరగరాసి తయారుచేసింది. తర్వాతి కాలంలో దానికి గోల్డ్‌సోర్స్ అన్న పేరు స్థిరపడింది. బయటివాళ్లు మాడ్‌లు రాసుకోవడానికి కావలసిన పనిముట్లను కూడా వాల్వ్ ఇచ్చింది. కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న మిన్ లే, అమెరికాలో ఉన్న జెస్ క్లిఫ్ ఇంటర్నెట్ ద్వారానే కలిసి పనిచేసి, 1999 జూన్‌లో కౌంటర్ స్ట్రైక్ మొదటి బీటా విడుదల చేశారు. మిన్ లే అప్పటికే క్వేక్ కోసం నేవీ సీల్స్ అనే మాడ్ చేసి, యాక్షన్ క్వేక్ 2 మాడ్‌లో పాలుపంచుకున్నవాడు. మొదటి బీటాలో బందీలను విడిపించే ఆట ఒక్కటే ఉండేది. బాంబు పెట్టడం, దాన్ని నిర్వీర్యం చేయడం ఆ ఏడాది చివర్లో వచ్చి చేరాయి. 2000లో వాల్వ్ ఈ మాడ్‌ను తన నీడలోకి తీసుకుంది. ఆ నవంబరులో 1.0 దుకాణాలకు చేరింది. 2003 సెప్టెంబరులో, వాల్వ్ తన ఆటలను ఇంటర్నెట్ ద్వారా పంచే వ్యవస్థ అయిన స్టీమ్‌తో పాటు 1.6 వచ్చింది. ఇప్పటికీ జనం ఆడుతున్నది ఆ 1.6నే. తెలుగునాట పట్టణాల ఇంటర్నెట్ కేఫ్‌లలోనూ, ఇంజనీరింగ్ కాలేజీల హాస్టళ్లలోనూ ఒక తరం కుర్రాళ్లు నెట్‌వర్క్ కేబుళ్లు కలుపుకుని ఆడింది కూడా దీన్నే.

ముందుగా మాడ్ రూపం సంగతి. 1996లో వచ్చిన క్వేక్‌లో ఐడీ సాఫ్ట్‌వేర్ ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ ఒక చిన్న భాషను ప్రవేశపెట్టాడు. దాని పేరు క్వేక్ సీ. మాడ్ రాసేవాళ్లు ఆ భాషలో రాసినది ప్రాసెసర్‌కు నేరుగా అర్థమయ్యే యంత్రభాషగా మారదు. ఇంజన్ ఒక్కటే చదవగలిగే మధ్యస్థ సంకేతాలుగా మారి, ఒకే ఫైల్‌లో కూర్చుంటుంది. ఆ ఫైల్‌కు ఇంటెల్ ప్రాసెసరా, మరొకటా, విండోసా, లినక్సా అన్న తేడా తెలియదు. దాన్ని చదివే ఇంజన్ ఉంటే చాలు. రాబిన్ వాకర్, జాన్ కుక్ తదితరులు ఆస్ట్రేలియాలో తయారుచేసిన మొదటి టీమ్ ఫోర్ట్రెస్ ఈ రూపంలోనిదే.

1997లో క్వేక్ 2 వచ్చేసరికి కార్మాక్ పద్ధతి మార్చాడు. మధ్యస్థ సంకేతాలను చదువుతూ నడపడం నెమ్మదిగా సాగే పని. అందువల్ల ఆట నియమాలన్నీ సీ భాషలో రాసి, నేరుగా యంత్రభాషలోకి మార్చి, విండోస్‌లో డీఎల్‌ఎల్ అనే ఫైల్‌గా ఇంజన్ పక్కన పెట్టే ఏర్పాటు వచ్చింది. వేగం పెరిగింది. దానితో పాటు రెండు ఇబ్బందులూ వచ్చాయి. ఆ ఫైల్ ఏ ప్రాసెసర్ కోసం తయారైందో దాని మీదే నడుస్తుంది. పైగా అది కంప్యూటర్‌లో ఏమైనా చేయగలదు, ఫైళ్లు చెరపగలదు కూడా. ఈ రెండు ఇబ్బందులూ గమనించే కార్మాక్ 1999 నాటి క్వేక్ 3లో మళ్లీ మధ్యస్థ సంకేతాల దారి పట్టాడు. ఈసారి వాటిని ఆట మొదలయ్యే సమయంలో యంత్రభాషలోకి మార్చుకునే వీలు కల్పించి, వేగం సమస్యను కూడా చాలావరకు తీర్చాడు. ముందుచూపు ఉన్న నిర్ణయాల్లో ఇదొకటి. క్వేక్ 3 మాడ్‌లు ఇవాళ 64 బిట్ ఇంజన్ల మీద, ఏఆర్‌ఎమ్ ప్రాసెసర్ల మీద ఒక్క అక్షరం మార్చకుండా నడవడానికి కారణం అదే.

హాఫ్ లైఫ్ ఎంచుకున్నది మధ్యస్థ సంకేతాల దారి కాదు, క్వేక్ 2 లాంటి డీఎల్‌ఎల్ దారే. కౌంటర్ స్ట్రైక్‌లో ఒక డీఎల్‌ఎల్ సర్వర్ పక్షాన ఆట నియమాలు చూస్తుంది, మరొకటి ఆడేవాళ్ల కంప్యూటర్ మీద తెర, కదలిక చూస్తుంది. రెండూ 32 బిట్ ఇంటెల్ యంత్రభాషలో ఉన్నాయి. హాఫ్ లైఫ్ ఆట నియమాల కోడ్‌ను వాల్వ్ మాడ్ రచయితల కోసం బయటపెట్టింది గానీ, కౌంటర్ స్ట్రైక్ కోడ్ ఏనాడూ బయటకు ఇవ్వలేదు. గోల్డ్‌సోర్స్ ఇంజన్ కోడ్ కూడా అంతే. ఐడీ సాఫ్ట్‌వేర్ మాత్రం క్వేక్ సోర్స్ కోడ్‌ను 1999 డిసెంబరులో, క్వేక్ 2ది 2001లో, క్వేక్ 3ది 2005లో జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ ఇచ్చేసింది. అందువల్ల క్వేక్ మాడ్‌ల భవిష్యత్తు ఔత్సాహికుల చేతిలోకి వచ్చింది, కౌంటర్ స్ట్రైక్ భవిష్యత్తు ఒక కంపెనీ శ్రద్ధ మీద ఆధారపడి మిగిలిపోయింది. వాల్వ్ ఆ శ్రద్ధ చూపిందనే ఒప్పుకోవాలి. ఇరవై ఏళ్లు దాటిన ఆటకు మరమ్మతులు చేసే కంపెనీలు చాలా తక్కువ.

32 బిట్ అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి, ఆపరేటింగ్ సిస్టమ్‌లు వేరుపడేది ఇక్కడే. 64 బిట్ విండోస్‌లో పాత 32 బిట్ ప్రోగ్రాములను నడిపే ఏర్పాటు మైక్రోసాఫ్ట్ మొదటి నుంచీ ఉంచింది. అందువల్ల కౌంటర్ స్ట్రైక్ 1.6 విండోస్ 10, 11 మీద పెద్ద గొడవ లేకుండా తెరుచుకుంటుంది. 16 బిట్ ప్రోగ్రాములకు ఆ మర్యాద లేదు. 1990ల నాటి ఆటల్లో కొన్నిటికి ఆట 32 బిట్‌దైనా, సీడీలోని ఇన్‌స్టాలర్ 16 బిట్‌ది. ఆట నడవగలిగినా, గడప దగ్గరే ఆగిపోతుంది. కొన్ని సీడీల్లో నకలు నిరోధానికి పెట్టిన సేఫ్‌డిస్క్ లాంటి తాళాలను విండోస్ 10 భద్రతా కారణాలతో పూర్తిగా తీసేసింది. ఆపిల్ సంస్థ ఇంకా కఠినంగా వ్యవహరించింది. 2019లో వచ్చిన మాక్ ఓఎస్ కాటలీనా 32 బిట్ ప్రోగ్రాములన్నిటినీ ఒక్కసారిగా ఆపేసింది. అంతకు ఆరేళ్ల ముందు వాల్వ్ మాక్ కోసం తెచ్చిన కౌంటర్ స్ట్రైక్ కూడా వాటిలో పోయింది. అదే 2019లో ఉబుంటు లినక్స్ కూడా 32 బిట్ లైబ్రరీలు మానేస్తామని ప్రకటించి, వాల్వ్ సహా పలువురు అభ్యంతరం చెప్పాక వెనక్కు తగ్గింది. లినక్స్ మీద 1.6 నడవాలంటే గ్రాఫిక్స్ డ్రైవర్‌కు చెందిన 32 బిట్ లైబ్రరీలు విడిగా వేసుకోవాలి. ఆట తెరుచుకోకపోతే మొదట చూడాల్సిందీ అదే.

విండోస్‌లో ఇంకో చిక్కు ఫోల్డర్ల దగ్గర ఉంది. పాత ఆటలు సెట్టింగుల ఫైళ్లను తమ సొంత ఫోల్డర్‌లోనే రాసుకుంటాయి. 2007 నాటి విస్టా నుంచి ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో సాధారణ ప్రోగ్రాములు రాయకుండా విండోస్ అడ్డుపడుతుంది. అడ్డుపడ్డట్టు చెప్పకుండా, ఆ ఫైల్‌ను చాటుగా వేరేచోట దాస్తుంది. ఫలితంగా ఒకే పేరుతో రెండు ఫైళ్లు తయారవుతాయి. ఆడేవాడు ఒకదాన్ని మారుస్తూ ఉంటాడు, ఆట ఇంకొకదాన్ని చదువుతూ ఉంటుంది. సీడీల నుంచి ఎక్కించే పాత ఆటను ప్రోగ్రామ్ ఫైల్స్ బయట, వేరే డ్రైవ్‌లో గానీ మామూలు ఫోల్డర్‌లో గానీ పెడితే ఈ తలనొప్పి ఉండదు.

ఆట తెరుచుకున్నాక తెర సంగతి వస్తుంది. ఆ తరం ఇంజన్లలో ఒక విచిత్రమైన లోపం ఉంది. గ్రాఫిక్స్ కార్డు తనకు తెలిసిన అదనపు విద్యల పేర్లన్నీ ఒక పొడుగాటి వరుసగా ఇంజన్‌కు చెబుతుంది. 1990ల చివర్లో ఆ వరుస కొన్ని వందల అక్షరాలు. దానికి తగ్గట్టు ప్రోగ్రామర్లు ఒక నిర్ణీత కొలతలో చోటు కేటాయించారు. కొత్త కార్డులు వేల అక్షరాల జాబితా ఇస్తాయి. ఆ చోటు పొంగి, ఆట కూలిపోతుంది. గ్రాఫిక్స్ కార్డుల కోసం చేసిన క్వేక్ రూపం, క్వేక్ ఇంజన్ వారసుల్లో కొన్ని ఇలాగే పడిపోయాయి. ఎన్‌విడియా డ్రైవర్లలో ఆ జాబితాను కుదించే సర్దుబాటు ఒకటి ఉండేది, ఇలాంటి పాత ఆటల కోసమే. సోర్స్ కోడ్ దొరికిన ఇంజన్లలో దీన్ని సరిచేయడం ఒకటి రెండు పంక్తుల పని. కోడ్ దొరకని చోట డ్రైవరే జాలిపడాలి.

హాఫ్ లైఫ్ రోజుల్లో మానిటర్లు 4:3 నిష్పత్తిలో ఉండేవి, 800 చుక్కల వెడల్పుకు 600 ఎత్తు. ఇప్పటివి 16:9. గోల్డ్‌సోర్స్ ఇంజన్ చూపు వెడల్పును 90 డిగ్రీలకు బిగించి, ఎత్తును తెర ఆకారాన్ని బట్టి లెక్కవేసేది. 4:3 తెర మీద పైనుంచి కిందికి 74 డిగ్రీల దృశ్యం కనబడితే, 16:9 మీద 59 డిగ్రీలకు పడిపోయేది. అంటే వెడల్పు తెర కొన్నవాడికి ఎక్కువ కనబడడం పోయి, పైనా కిందా కత్తిరించిన దృశ్యం కనబడేది. దీనికి భయపడి చాలామంది కొత్త మానిటర్ మీద కూడా 4:3 బొమ్మనే పెట్టుకుని, దాన్ని తెరంతా సాగదీసి ఆడారు. సాగదీస్తే ఎదుటి మనుషులు లావుగా కనబడతారు, గురి పెట్టడం తేలికని వాళ్ల నమ్మకం. లావుగా కనబడేవాడు అంతే వేగంగా అడ్డంగా జారిపోతాడు కూడా. కాబట్టి లాభం నష్టం సరిపోతాయని చెప్పవచ్చు గానీ, అలవాటుపడ్డ చేతికి ఆ వాదన ఎక్కదు. 2023 నవంబరులో హాఫ్ లైఫ్ 25వ వార్షికోత్సవ సందర్భంగా వాల్వ్ విడుదల చేసిన మార్పుల్లో ఈ లెక్కను సరిచేసింది. ఎత్తు 74 డిగ్రీల దగ్గరే ఉంచి, వెడల్పును 106 వరకు పెంచింది. పెద్ద తెరల మీద చీమల్లా కనబడే మెనూ అక్షరాలు కూడా అప్పుడే పెద్దవయ్యాయి.

మౌసు వ్యవహారం దీనికంటే సున్నితం. పాత ఇంజన్ మౌసు కదలికను నేరుగా మౌసు నుంచి తీసుకోదు. విండోస్ చూపే బాణం గుర్తు ఎంత జరిగిందో చూసి, దాన్ని మళ్లీ తెర మధ్యకు నెట్టి, మళ్లీ చూస్తుంది. విండోస్ బాణం గుర్తుకు వేగవర్ధనం ఉంటుంది. చేయి నెమ్మదిగా జరిపితే తక్కువ దూరం, విసురుగా జరిపితే అదే కొలతకు ఎక్కువ దూరం పోతుంది. ఉత్తరం టైపు చేసుకునేవాడికి అది సౌకర్యం. తల మీద గురి పెట్టేవాడికి శాపం, ఎందుకంటే చేతికి కొలత కుదరదు. ఈ వర్ధనాన్ని ఆపడానికి ఆట మొదలుపెట్టేటప్పుడు ఇచ్చే ఆదేశాలు కొన్ని ఆ రోజుల్లో మంత్రాల్లా నోటి నుంచి నోటికి పాకాయి. తర్వాత వాల్వ్ ముడి మౌసు సమాచారాన్ని నేరుగా చదివే సెట్టింగును ఆటలోనే చేర్చింది. రా ఇన్‌పుట్ అనే ఆ ఒక్క సెట్టింగు ఆన్ చేస్తే పాత మంత్రాల అవసరం లేదు.

ఇక ఫ్రేముల వేగం. కొత్త కంప్యూటర్ వల్ల మేలుకు బదులు కీడు జరిగేది ఇక్కడే, అందుకే వివరంగా చూడాలి. ఆడేవాడు ముందుకు నడిచే మీట నొక్కితే, ప్రతి ఫ్రేముకూ ఒక ఆదేశం తయారవుతుంది. ఈ ఫ్రేము ఎన్ని మిల్లీసెకన్లు నడిచిందో ఆ ఆదేశంలో రాసి ఉంటుంది. ఇంజన్ ఆ అంకెను పట్టుకుని మనిషిని అంత దూరం జరుపుతుంది. నెట్‌వర్క్ మీద పొదుపు కోసం ఆ అంకెకు ఒక్క బైటే ఇచ్చారు, దశాంశాలకు చోటు లేదు. సెకనుకు 100 ఫ్రేములు గీస్తే ఒక్కో ఫ్రేము సరిగ్గా 10 మిల్లీసెకన్లు, లెక్క కుదిరింది. సెకనుకు 144 ఫ్రేములు గీస్తే ఒక్కో ఫ్రేము 6.94 మిల్లీసెకన్లు. పాత ఇంజన్ 0.94ను వదిలేసి 6 అని రాసుకుంటుంది. అంటే ప్రతి ఫ్రేములో దాదాపు ఒక మిల్లీసెకను నడక మాయం. మొత్తం మీద మనిషి 13, 14 శాతం నెమ్మదిగా కదులుతాడు. 1000ని నిశ్శేషంగా భాగించే 100, 125, 200, 250 లాంటి వేగాల దగ్గర ఈ నష్టం ఉండదు. అందుకే ఆటలో దూకే విద్యలో ఆరితేరినవాళ్లు ఈ అంకెలనే ఎంచుకునేవారు. 1.6లో ఫ్రేముల వేగానికి 100 దగ్గర అడ్డుకట్ట ఉండేది, దాన్ని దాటించే సెట్టింగును పోటీల నిర్వాహకులు చాలాచోట్ల నిషేధించారు. ఇదే తరహా కథ క్వేక్ 3లో మరో రూపంలో నడిచింది. అక్కడ వేగాన్ని పూర్ణాంకాలకు సర్దే లెక్క వల్ల సెకనుకు 125 ఫ్రేముల దగ్గర మనిషి కాస్త ఎక్కువ ఎత్తుకు ఎగిరేవాడు. 60 ఫ్రేముల కంప్యూటర్ ఉన్నవాడు ఎక్కలేని గట్టును 125 ఉన్నవాడు ఎక్కేవాడు. తర్వాత అందరికీ ఒకే కొలతతో లెక్కించే సెట్టింగును సర్వర్లకు ఇచ్చారు.

దీన్నిబట్టి, ఈనాటి గ్రాఫిక్స్ కార్డు సెకనుకు వందలాది ఫ్రేములు గీయగలదు కదా అని పాత ఆటను పగ్గాలు వదిలి పరుగెత్తించడం తెలివి కాదు. 100 దగ్గర కట్టడి చేస్తే ఆట రచయితలు ఊహించిన కదలికే దొరుకుతుంది.

ధ్వని గురించి చెప్పుకోవలసింది కొంచెమే. హాఫ్ లైఫ్ వచ్చిన కాలంలో సౌండ్ కార్డులు గోడల ప్రతిధ్వనిని, వెనక నుంచి వచ్చే అడుగుల చప్పుడును తామే లెక్కగట్టేవి. అలాంటి కార్డులు చేసిన ఆరియల్ సంస్థ 2000లో దివాలా తీసింది. విస్టా నుంచి విండోస్ ఆ హార్డ్‌వేర్ దారినే మూసేసింది. వాల్వ్ తర్వాత ఆ కోడ్‌ను తీసేసింది. కుడి ఎడమలు తెలుస్తాయి, ఆనాటి త్రిమితీయ ధ్వని మాత్రం తిరిగి రాదు. ప్రత్యామ్నాయ సాఫ్ట్‌వేర్‌లతో కొందరు దాన్ని రప్పించే ప్రయత్నాలు చేస్తుంటారు. మామూలుగా ఆడేవాళ్లకు అంత శ్రమ అక్కర్లేదు.

బహుళ ఆటగాళ్ల మాడ్‌కు ప్రాణం నెట్‌వర్క్. పాత సెట్టింగులు టెలిఫోన్ మోడెమ్ కోసం పెట్టినవి. సెకనుకు నాలుగైదు కిలోబైట్లు మించని ఆ తీగ మీద, సర్వర్ సెకనుకు 20 సార్లు మాత్రమే పరిస్థితి చెప్పేది. అంటే 50 మిల్లీసెకన్లకు ఒక కబురు. కబురుకూ కబురుకూ మధ్య ఎదుటివాడు గంతులేస్తున్నట్టు కనబడకుండా, ఆట అతన్ని 100 మిల్లీసెకన్ల పాత స్థానంలో నున్నగా కదిలిస్తూ చూపేది. రెండు కబుర్లు చేతిలో ఉంటేనే మధ్య దారి గీయగలదు, అందుకే ఆ ఆలస్యం. ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇంట్లో ఆ పాత అంకెలతోనే ఆడడం అనవసరం. కబుర్ల సంఖ్యను సెకనుకు 100కు, అనుమతించే బైట్ల రేటును పెద్ద అంకెకు పెంచి, చూపులోని ఆలస్యాన్ని ఆ మేరకు తగ్గిస్తే మార్పు వెంటనే తెలుస్తుంది. అయితే సర్వర్ కూడా అన్ని కబుర్లు పంపేలా అమర్చి ఉండాలి, లేకపోతే ఆడేవాడి వైపు మార్పులకు ఫలితం ఉండదు.

దూరం వల్ల వచ్చే ఆలస్యాన్ని అంకెలతో తీసేయలేము. హైదరాబాద్ నుంచి యూరప్‌లోని సర్వర్‌కు వెళ్లి రావడానికి సంకేతానికి వందకు పైగా మిల్లీసెకన్లు పడుతుంది. దీనికి హాఫ్ లైఫ్ ఇంజన్‌లో ఒక చక్కని ఉపాయం ఉంది. వాల్వ్ ఇంజనీర్ యాన్ బెర్నియర్ 2001లో దాన్ని ఒక సాంకేతిక వ్యాసంలో వివరించాడు. సర్వర్ గత కొద్ది క్షణాల్లో ఎవరెవరు ఎక్కడున్నారో గుర్తుంచుకుంటుంది. తుపాకీ పేల్చిన కబురు వచ్చినప్పుడు, పేల్చినవాడి ఆలస్యం ఎంతో లెక్కవేసి, కాలాన్ని అంత వెనక్కు తిప్పి, ఆ క్షణంలో అతని తెర మీద గురి కుదిరిందా లేదా అని తేలుస్తుంది. దీనివల్ల దూరదేశపు ఆటగాడు శత్రువుకు ముందు గాలిలోకి కాల్చాల్సిన పని తప్పింది. దెబ్బ తిన్నవాడికి మాత్రం అన్యాయంగా తోస్తుంది. గోడ చాటుకు చేరాక చచ్చానని గోల పెడతాడు. అతని తెర మీద అది నిజమే, కాల్చినవాడి తెర మీద అతనింకా బయటే ఉన్నాడు. ఇద్దరిలో ఒకరికి తేడా కనబడక తప్పదు. వాల్వ్ ఆ తేడాను దెబ్బ తినేవాడి వైపు నెట్టింది. ఆ ఎంపిక సరైనదే, గురి పెట్టి కాల్చిన గుండు తగలకపోతే ఆట మీదే విశ్వాసం పోతుంది.

ఆడడానికి సర్వర్ దొరకాలంటే జాబితా కావాలి. ఏ సర్వర్లు నడుస్తున్నాయో చెప్పే కేంద్ర కంప్యూటర్‌ను మాస్టర్ సర్వర్ అంటారు. మొదట్లో ఈ పని వాన్ అనే వ్యవస్థ చేసేది. 2004 జులైలో వాల్వ్ దాన్ని మూసేసి అందరినీ స్టీమ్‌కు మళ్లించింది. ఇతర ఆటలకు ఇంత సాఫీగా జరగలేదు. ఎన్నో ఆటల జాబితాలు నడిపిన గేమ్‌స్పై 2014లో మూతపడ్డప్పుడు, వాటిలో కొన్నిటిని అభిమానులు సొంత మాస్టర్ సర్వర్లు పెట్టి బతికించారు, మిగతావి చీకట్లో పడ్డాయి. 1.6 జాబితా స్టీమ్‌లో ఇప్పటికీ పనిచేస్తుంది. స్టీమ్ కాకుండా బయట తిరిగే దొంగ కాపీలతో జాగ్రత్త పడాలి. వాటిలో మెనూలు మార్చి, జాబితాలో తమ సర్వర్లే కనబడేలా చేసినవి బోలెడు. పాత ఇంజన్‌లో సర్వర్ ఆడేవాడి కంప్యూటర్‌కు ఆదేశాలు పంపగలదు. ఆ వెసులుబాటును వాడుకుని కొన్ని సర్వర్లు మీటల అమరిక మార్చేసి, సెట్టింగులు చెరిపి, ఆడేవాణ్ణి చెప్పకుండా తమ దగ్గరికే రప్పించుకునేవి. ఇలాంటి ఆదేశాలను వడగట్టే సెట్టింగును వాల్వ్ తర్వాత చేర్చింది. దాన్ని ఆన్‌లో ఉంచడం మంచిది. సెట్టింగుల ఫైల్‌ను మార్చడానికి వీల్లేకుండా రీడ్ ఓన్లీ చేయడం ఇంకో కాపలా.

స్నేహితులతో ఆడడానికి ఇంట్లోనే సర్వర్ పెట్టుకోవచ్చు, 32 మంది వరకు పడతారు. వాల్వ్ ఇచ్చే సర్వర్ ప్రోగ్రాముతో పాటు, దాన్ని విప్పి చూసి ఔత్సాహికులు తిరగరాసిన రీహెచ్‌ఎల్‌డీఎస్ అనే ఉచిత రూపం కూడా ఉంది. అందులో పాత లోపాలు చాలా సరిచేశారు. నిర్వహణకు అదనపు హంగులు ఇచ్చే ఏఎమ్‌ఎక్స్ మాడ్ ఎక్స్ దాని మీద కూడా నడుస్తుంది. ఒకే ఇంట్లో, ఒకే వైఫై మీద ఆడితే ఇబ్బంది లేదు. బయటివాళ్లు రావాలంటే రౌటర్‌లో 27015 నంబరు యూడీపీ ద్వారం తెరవాలి. ద్వారం తెరిచినా ఎవరూ రాలేకపోతే కారణం సాధారణంగా ఇంటర్నెట్ కంపెనీ దగ్గర ఉంటుంది. భారతదేశంలో చాలా కనెక్షన్లకు సొంత ఐపీ చిరునామా ఇవ్వరు, వందల ఇళ్లకు కలిపి ఒకటే ఇస్తారు. బయటి నుంచి వచ్చిన కబురు ఏ ఇంటికి చేరాలో ఆ నెట్‌వర్క్‌కు తెలియదు. కొత్త తరం ఐపీవీ6 చిరునామా ఉన్నా ఈ పాత ఇంజన్‌కు అది అర్థం కాదు. అలాంటప్పుడు కంపెనీని అడిగి స్థిరమైన చిరునామా కొనుక్కోవడమో, అద్దె సర్వర్ తీసుకోవడమో, అందరినీ ఒకే ఊహా నెట్‌వర్క్‌లో కలిపే వీపీఎన్ వాడడమో చేయాలి. మూడింటిలో వీపీఎన్ చౌక.

2023 నాటి వార్షికోత్సవ మార్పులు కొత్త తెరలకు మేలు చేసినా, హాఫ్ లైఫ్ మీద బయటివాళ్లు రాసిన పాత మాడ్‌లలో కొన్నిటిని చెడగొట్టాయి. ఇంజన్ లోపల ఫలానా చోట ఫలానాది ఉంటుందని నమ్మి, ఆ చోటును నేరుగా తడిమే మాడ్‌లు కొన్ని ఉన్నాయి. ఇంజన్ మారితే అవి తప్పు చోట చేయి పెట్టి కూలిపోతాయి. వాల్వ్ ఇది ముందే ఊహించి పాత ఇంజన్‌ను కూడా అందుబాటులో ఉంచింది. స్టీమ్‌లో హాఫ్ లైఫ్ లక్షణాలు తెరిచి, బీటాల జాబితాలో వార్షికోత్సవానికి ముందరి రూపాన్ని ఎంచుకుంటే అది దిగుమతి అవుతుంది. ఏదైనా మాడ్ నిన్నటిదాకా నడిచి ఇవాళ నడవకపోతే ముందు ఇది ప్రయత్నించడం సులువైన మార్గం.

సోర్స్ కోడ్ దొరికినా చిక్కు పూర్తిగా తీరదనడానికి ఎనిమీ టెరిటరీ ఉదాహరణ. 2003లో ఉచితంగా విడుదలైన ఆ ఆట ఇంజన్ కోడ్‌ను ఐడీ సాఫ్ట్‌వేర్ 2010లో బయటపెట్టింది. అభిమానులు దాన్ని పట్టుకుని ఈటీ లెగసీ అనే కొత్త రూపం తయారుచేశారు, 64 బిట్‌లో కూడా నడుస్తుంది. కానీ పోటీల్లో వాడిన ఈటీప్రో మాడ్ కోడ్ బయటకు రాలేదు. అది 32 బిట్ డీఎల్‌ఎల్‌గానే మిగిలింది. 64 బిట్ ఇంజన్ 32 బిట్ డీఎల్‌ఎల్‌ను తనలోకి ఎక్కించుకోలేదు. అందువల్ల ఈటీప్రో సర్వర్లలో ఆడాలంటే కొత్త ఇంజన్‌లోనూ 32 బిట్ రూపమే వేసుకోవాలి. ఇంజన్ తెరిచి ఇచ్చినా, మాడ్ మూసి ఉంటే ఇంతే.

గోల్డ్‌సోర్స్ కోడ్ దొరకలేదు కాబట్టి దాని స్థానంలో నిలబడే ఇంజన్‌ను వేరుగా రాసినవాళ్లున్నారు. ఆ ఇంజన్ పేరు ఎక్స్‌యాష్ 3డీ. హాఫ్ లైఫ్ మాడ్ పనిముట్లలో ఇంజన్‌కూ మాడ్‌కూ మధ్య జరిగే సంభాషణ అంతా రాసి ఉంది. ఆ సంభాషణను అర్థం చేసుకోగల కొత్త ఇంజన్‌ను అందరికీ తెరిచి ఉన్న కోడ్‌తో నిర్మించారు. అది 64 బిట్‌లో, ఏఆర్‌ఎమ్ ప్రాసెసర్ల మీద, ఆండ్రాయిడ్ ఫోన్ల మీద కూడా నడుస్తుంది. మాడ్ కోడ్ బయట ఉన్న చోట దాన్ని ఆ ప్రాసెసర్‌కు తగ్గట్టు మళ్లీ కంపైల్ చేస్తే సరి. కౌంటర్ స్ట్రైక్ కోడ్ బయట లేదు. అందువల్ల దాని సర్వర్ వైపు, ఆడేవాడి వైపు డీఎల్‌ఎల్‌లను ఔత్సాహికులు విప్పి, నడకను గమనించి, తిరిగి సీ ప్లస్ ప్లస్‌లో రాశారు. ఫోన్లలో ఆడుతున్న 1.6 చాలావరకు ఈ తిరగరాసిన కోడే. ఇంజన్ కొత్తదైనా మ్యాపులు, బొమ్మలు, ధ్వనులు వాల్వ్‌వే. అవి ఎక్స్‌యాష్‌తో పాటు రావు. స్టీమ్‌లో ఆట కొన్నవాళ్లు హాఫ్ లైఫ్‌కు చెందిన వాల్వ్ అనే ఫోల్డర్‌ను, కౌంటర్ స్ట్రైక్‌కు చెందిన సీస్ట్రైక్ అనే ఫోల్డర్‌ను తమ కంప్యూటర్ నుంచి కాపీ చేసి అందులో పెట్టుకోవాలి.